ఓడిన అప్పీలు, నిలిచిన సూత్రము

ప్రభుత్వమును నిందించుట వేఱు. ప్రజలను అల్లరులకు పురికొల్పుట వేఱు. ఈ రెంటికి నడుమ హద్దు నిర్ణయించుటకు మన న్యాయస్థానములకు చాలకాలము పట్టినది.

ప్రభుత్వముపై ద్వేషమును, తిరస్కారమును, వైమనస్యమును రేకెత్తించు మాటలు నేరమని శాసించిన 124-ఎ సెక్షన్ 1870లో శిక్షాస్మృతి యందు చేరినది. పాలకుల మనస్సును నొప్పించు మాటలన్నియు నేరములేనా? కావనియు, శాంతిభంగమునకు దారితీయు స్వభావమే ఈ నేరమునకు మూలమనియు 1942లో నీహారేందు దత్త మజుందారు అప్పీలునందు ఫెడరల్ కోర్టు ప్రధాన న్యాయమూర్తి మారిస్ గ్వయ్యరు తీర్పు చెప్పిరి. 1947లో ప్రివీ కౌన్సిల్ ఆ వ్యాఖ్యానమును త్రోసివేసినది. అల్లరి ప్రసక్తి లేకున్నను, ద్వేషము పుట్టించుటయే చాలునని వారి మతము.

స్వాతంత్ర్యానంతరము ఈ వివాదము మరల తలయెత్తెను. బీహారునందలి బరౌనీ గ్రామమున 1953 మే 26న కేదారనాథ సింహుడను రాజకీయ కార్యకర్త గూఢచారి పోలీసులను, అధికార పక్షమును తీవ్రముగా దూషించి, విప్లవము రానున్నదని ఉపన్యసించెను. మేజిస్ట్రేటు ఏడాది కఠిన కారాగార శిక్ష విధించెను. 1956లో పాట్నా హైకోర్టు దానిని ఖాయపఱచెను. ఇంతలో, 1958లో, ఈ సెక్షన్ రాజ్యాంగ విరుద్ధమని అలహాబాదు హైకోర్టు వేఱొక అప్పీలులో ప్రకటించెను. ఒక హైకోర్టు శిక్షింపగా, మఱియొక హైకోర్టు ఆ సెక్షన్‌నే కొట్టివేసినది!

1962 జనవరి 20న ప్రధాన న్యాయమూర్తి భువనేశ్వర ప్రసాద సింహా అధ్యక్షతను ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము ఈ చిక్కును విడదీసెను. సెక్షన్ చెల్లునని చెప్పుచునే, గ్వయ్యరుగారి వ్యాఖ్యానమును స్వీకరించెను. హింసకు పురికొల్పు మాటలును, శాంతిభంగము కలిగించు ఉద్దేశముగాని స్వభావముగాని గల మాటలును మాత్రమే నేరము. విమర్శ ఎంత కటువైనను అదొక్కటే నేరము కాదు. అయినను కేదారనాథుని అప్పీలు కొట్టివేయబడినది. ఆయన ఓడెను, ఆయన అప్పీలు వలన వెలువడిన సూత్రము తరువాతి వారిని కాపాడెను.

ఆ సూత్రము ననుసరించియే, 1984లో చండీగఢు వీథిలో నినాదములు చేసినవారి శిక్షను 1995లో సుప్రీంకోర్టు రద్దుచేసెను. 1997లో హైదరాబాదు నుండి వచ్చిన అప్పీలునందు మఱియొక మాట స్పష్టపఱచెను: వర్గముల నడుమ వైరము పెంచు నేరమునకు కనీసము రెండు వర్గములుండవలెను, అన్యవర్గ ప్రస్తావన లేక ఒక వర్గము భావములను రెచ్చగొట్టినంత మాత్రమున ఆ నేరము కాదు.

2022 మే 11న సుప్రీంకోర్టు 124-ఎ అమలును నిలిపివేసెను. 2024 జులై 1 నుండి శిక్షాస్మృతి స్థానమున భారతీయ న్యాయ సంహిత వచ్చినది; అందలి 152వ సెక్షన్ దేశ సార్వభౌమత్వమునకు, ఐక్యతకు హానిచేయు చర్యలను గూర్చినది. తరతరములుగా అన్యభాషా ప్రాంతములయందు కాపురమున్న మనవంటి వారికి ఈ తీర్పులు మిక్కిలి అక్కఱకు వచ్చునవి. మన బడి, మన భాష నిలువవలెనని గొంతెత్తి కోరవచ్చును; పొరుగువాని పై కత్తి యెత్తుమని మాత్రము చెప్పరాదు.