అంతరిక్షంలో తూర్పెటు?

మా వేంపల్లెలో ఎవర్నైనా దారి అడిగి చూడండి, కుడి ఎడమ అనరు. "ఉత్తరం పక్కకు పో, ఆడ తూర్పుకు తిరుగు" అంటారు. రాత్రయితే ధ్రువ నక్షత్రం ఉండనే ఉంది. మా ఊరి అక్షాంశం 14 డిగ్రీల చిల్లర కాబట్టి అదీ ఉత్తరాన అంతే ఎత్తులో, కొండల మీద వాలినట్టు కనిపిస్తుంది. భూమి దాటితే ఈ సౌకర్యాలేవీ ఉండవు. పైన, కింద అన్న మాటలకే అర్థం లేదు. మరి రాకెట్టుకి తన ముక్కు ఎటుందో ఎలా తెలుస్తుంది?

లెక్క కట్టుకుంటుంది, అంతే. బయల్దేరేటప్పుడు ఎటు నిలబడిందో దానికి తెలుసు. తర్వాత ఎంత తిరిగిందో జైరోస్కోపులు చెప్తుంటే కంప్యూటరు కూడుకుంటూ పోతుంది. దారి తప్పితే సరిదిద్దేదీ ఆ కంప్యూటరే. అంటే దిక్కు మెమరీలో ఉండే కొన్ని అంకెలన్నమాట!

ఆ అంకెలు దెబ్బ కొడితే ఏమవుతుందో మనవాళ్ళు శ్రీహరికోటలో చూశారు. 1993 సెప్టెంబరు 20న మొట్టమొదటి పీఎస్‌ఎల్‌వీ 846 కిలోల ఐఆర్ఎస్-1ఇ ఉపగ్రహంతో లేచింది. రెండో దశ విడిపోయేటప్పుడు దాన్ని వెనక్కి లాగాల్సిన రెట్రో రాకెట్లు కొన్ని మండలేదు. రాకెట్టు గట్టిగా కుదుపుకు లోనైంది. సరిదిద్దడానికి ఆటోపైలట్ లెక్కకట్టిన ఆదేశం ప్రోగ్రాములో పెట్టుకున్న గరిష్ఠ విలువను దాటేసింది. ఓవర్‌ఫ్లో! మనం కాలేజీలో 'సి' నేర్చుకున్నప్పుడు చూసిన బగ్గే. ఉపగ్రహం సముద్రం పాలైంది. ప్రయాణం సవ్యంగా సాగితే ఆ బగ్ ఎప్పటికీ బయటపడేది కాదు, అదీ నాకు భయమేసే సంగతి. మనమైతే రోల్‌బ్యాక్ చేసి టీ తాగడానికి పోతాం.

మనవాళ్ళే కాదులెండి. 1996 జూన్ 4న ఐరోపా వాళ్ళ ఏరియన్-5 కూడా ఇలాగే పోయింది. దిక్కు చెప్పే యంత్రంలో 64 బిట్ల సంఖ్యని 16 బిట్లలో కుక్కబోయారు. ఏరియన్-4 నుంచి తెచ్చుకున్న పాత కోడ్ అది. బ్యాకప్ యంత్రంలోనూ అదే కోడ్, అదే చావు. మన పీఎస్‌ఎల్‌వీ మాత్రం 1994 అక్టోబరు 15నే రెండో ప్రయత్నంలో గెలిచింది.

ఎక్కువ రోజులు తిరగాలంటే జైరోస్కోపులొక్కటే చాలవు. వాటి లెక్క మెల్లగా పక్కకి జరుగుతుంది. అందుకే నక్షత్రాల్ని ఫొటో తీసి పోల్చుకునే స్టార్ సెన్సర్లు పెడతారు. మా ఊళ్ళో ధ్రువ నక్షత్రం చేసే పనే. 2009లో చంద్రుడి చుట్టూ తిరుగుతున్న చంద్రయాన్-1కి ఆ సెన్సర్లు రెండూ పోయాయి. ఇస్రో వాళ్ళు కక్ష్యని 100 కిలోమీటర్ల నుంచి 200కి పెంచి, జైరోస్కోపులతోనే నెట్టుకొచ్చారు, ఆగస్టు 29న సంకేతాలు ఆగిపోయేదాకా.