అరణ్యమధ్యంలో ఆగిన భారతం – సంకల్ప పునరుజ్జీవనం

ఆరంభించిన గ్రంథం అర్ధాంతరంగా నిలిచిపోతే అది రచయిత మనస్సులో తీరని ఋణంవలె మిగిలిపోతుంది. ఒక స్తోత్రానికి తలపెట్టిన వ్యాఖ్య, ఒక క్షేత్రమాహాత్మ్యానికి పూనిన తెనుగుసేత, తండ్రిగారు చెప్పిన పురాణకథల సంకలనం – ఇలా సగంలో ఆగిన వ్రాతప్రతి లేని సాహితీప్రియుని గృహం అరుదు. ఏండ్లు గడిచిన కొలదీ ఆ ప్రతిని చేతికి తీసికొనడానికే మనస్సు సంకోచిస్తుంది. ఇట్టి అవస్థలో ఉన్న సాధకునికి ఆంధ్ర మహాభారత రచనాచరిత్రను మించిన ఉపదేశం లేదు. ఏలనంటే మన వాఙ్మయానికి ఆదికావ్యమైన ఆ గ్రంథమే దాదాపు మూడు శతాబ్దాలు అసంపూర్ణంగా నిలిచిపోయింది.

11వ శతాబ్దంలో రాజమహేంద్రవరం రాజధానిగా వేంగీదేశాన్ని ఏలిన తూర్పు చాళుక్య ప్రభువు రాజరాజనరేంద్రుడు వ్యాసభారతాన్ని తెనిగింపుమని నన్నయభట్టారకుని కోరాడు. నన్నయ ఏకాకిగా ఈ భారం వహించలేదు. నారాయణభట్టు తనకు తోడ్పడ్డాడనీ, ఆ సాహాయ్యం భారతయుద్ధంలో అర్జునునికి శ్రీకృష్ణుడు చేసిన సాహాయ్యం వంటిదనీ అవతారికలోనే కృతజ్ఞతతో చెప్పుకొన్నాడు. ఆది, సభాపర్వాలు పూర్తి అయినవి. అరణ్యపర్వం చతుర్థాశ్వాసంలో 142వ పద్యంతో, శరద్రాత్రుల వర్ణనవద్ద, ఆయన రచన ఆగింది.

ఏల ఆగింది? నన్నయ స్వర్గస్థుడైనాడని కొందరు, ఆయన పర్వమంతా రచించినా శేషభాగం ఉత్సన్నమైపోయిందని మరికొందరు తలచారు. నన్నయ మూడు కృతులు చేశాడని తిక్కన చెప్పడం ఈ రెండవ వాదానికి ఆధారం. కారణం ఏదైనా, లోకంలో ఒక భయం మాత్రం వ్యాపించింది. అరణ్యపర్వాన్ని తెనిగించబూనితే కీడు కలుగుతుందని జనప్రతీతి ఏర్పడింది. ఆగిన పని చుట్టూ భయం అల్లుకొనడం మానవస్వభావం. మన అసంపూర్ణ రచనలను చూచి మనం జంకడం కూడా ఇట్టిదే.

రమారమి రెండు శతాబ్దాల తరువాత, 13వ శతాబ్దంలో, నెల్లూరు నేలిన మనుమసిద్ధి ఆస్థానంలో మంత్రిగా ఉన్న తిక్కన ఈ మహాకార్యానికి పూనుకొన్నాడు. ఆయన చేసిన మొదటి వివేకవంతమైన పని గమనింపదగినది. ఆగిన చోటనే ఆయన ఆరంభించలేదు. అరణ్యపర్వశేషాన్ని అట్లే ఉంచి, విరాటపర్వంతో మొదలిడి స్వర్గారోహణపర్వం వరకు 15 పర్వాలు నిర్వహించాడు. మార్గమధ్యంలో ఒక శిల అడ్డుపడితే యాత్రను మానుకొననక్కరలేదనీ, దానిని ప్రదక్షిణించి ముందుకు సాగవచ్చుననీ ఈ నిర్ణయం బోధిస్తున్నది.

ఇంతటి ప్రేరణ ఆయనకు ఎక్కడనుండి లభించింది? విరాటపర్వ అవతారికలో తిక్కన తన స్వప్నవృత్తాంతం చెప్పాడు. తండ్రి కొమ్మన కలలో కనిపించాడు. పిమ్మట హరిహరనాథుడు సాక్షాత్కరించి కృతిభర్తృత్వాన్ని తానే కోరాడు. ఇక్కడ చారిత్రకంగా ఒక విశేషమున్నది. తిక్కన తన పూర్వకృతియైన నిర్వచనోత్తర రామాయణాన్ని మనుమసిద్ధికి అంకితమిచ్చాడు. ఆ కావ్యంలో రామనిర్యాణ కథను రచింపక విడిచాడు. తరువాత జయంతి రామభట్టు దానిని పూరించాడు. అంటే నరునికి అంకితమైన చిన్న కావ్యం శేషించింది, హరిహరనాథునికి సమర్పితమైన 15 పర్వాలు సమాప్తి నొందినవి. ఇందులో కార్యకారణసంబంధం ఉన్నదని చరిత్రకారుడు నిర్ణయింపలేడు. కాని సాధకుడు తన్ను తాను ప్రశ్నించుకొనవచ్చును: నా రచన ఎవరికొరకు? ప్రశంస కొరకైతే, ప్రశంస ఆలస్యమైన నాడు కలం ఆగుతుంది. సమర్పణభావంతో చేసినది మాత్రం నిత్యార్చనవలె ఎవరు చూచినా చూడకున్నా కొనసాగుతుంది.

మంత్రిత్వమనే కార్యభారం మోస్తూనే తిక్కన ఇదంతా చేశాడన్నది కూడా మరువరానిది. తీరిక దొరికిన తరువాత వ్రాస్తామనుకొనేవారికి ఆయన జీవితమే సమాధానం.

ఇక మిగిలినది ఆ అరణ్యపర్వశేషం. 14వ శతాబ్దంలో అద్దంకి రెడ్డిరాజ్య స్థాపకుడైన ప్రోలయ వేమారెడ్డి ఆశ్రయంలోని ఎఱ్ఱన దానిని పూరించాడు. హరివంశాన్ని తన ప్రభువుకు అంకితమిచ్చిన ఈ కవి, అరణ్యపర్వశేషాన్ని మాత్రం ఎన్నడో గతించిన రాజరాజనరేంద్రునికే అంకితం చేశాడు. నన్నయ రచనవలెనే దానిని పూరించినట్లు చెప్పుకొన్నాడు. నన్నయ పద్యం శరద్రాత్రులతో ముగియగా, ఎఱ్ఱన శరత్కాల ప్రభాతవర్ణనతో మొదలిడినాడు. దాదాపు మూడు శతాబ్దాల వ్యవధానం ఒక రాత్రికీ ఒక ఉదయానికీ నడుమనున్న సంధ్యగా మారిపోయింది! ఆరంభంలో నన్నయ శైలి ననుసరించి, క్రమంగా తిక్కన శైలికి చేరువై, ఆయన ఇద్దరికీ వారధి కట్టాడని విమర్శకుల ప్రశంస.

ఎఱ్ఱన చూపిన పద్ధతి మనకు నేటికీ ఆచరణయోగ్యం. ఆగిన రచనను తిరిగి చేపట్టేవాడు మొదట చేయవలసినది పూర్వభాగాన్ని శ్రద్ధగా చదవడం. చివరి వాక్యం ఏ భావంవద్ద నిలిచిందో, ఏ లయలో నడిచిందో మనస్సుకు పట్టాలి. అప్పుడు తరువాతి వాక్యం తానే పిలుపునందుకొంటుంది. ఏండ్ల క్రిందట వ్రాసిన మనం కూడా నేటి మనకు ఒక పూర్వకవివంటివారమే. ఆ పూర్వకవిని నిందించక గౌరవించి, అతడు విడిచిన రాత్రికి మనం ప్రభాతాన్ని చేర్చాలి.

కవిత్రయంలో ఏ ఒక్కరూ భారతాన్ని సమగ్రంగా తెనిగించలేదు. అయినా ఆంధ్రులకు సమగ్రభారతం లభించింది. కర్తృత్వాభిమానం తగ్గిన కొలదీ కార్యం పూర్ణత్వానికి చేరువౌతుందనే వేదాంతసత్యానికి ఇంతకంటె చారిత్రకనిదర్శనం ఏమి కావాలి? అందుచేత భయాన్ని విడిచి, మూలనున్న ఆ ప్రతిని నేడే చేతికి తీసికొని, ఇష్టదైవానికి సమర్పించి, ఒక్క పుట వ్రాయండి. రేపు మరొక పుట. పూర్తి చేయడం మన వంతైతే ధన్యులం. కాకున్నా, మన శరద్రాత్రికి ప్రభాతం చేర్చే ఎఱ్ఱన ఎక్కడో ఉంటాడు. అయితే అతనికి ఆధారంగా నిలిచేటంతటి రాత్రిని మనం వ్రాసి ఉంచాలి.

శ్రీ హరిహరనాథార్పణమస్తు.