పిల్లల దండన: చట్టపు హద్దులు (పాల్వంచ ప్రాంతం)

పిల్లల్ని పెంచేవాళ్ళు ఎంతవరకు దండించవచ్చో మన దేశంలో ఏ ఒక్క చట్టమూ తేల్చి చెప్పదు. బడికి ఒక నియమం, ఇంటికి ఇంకొకటి. భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోని పాల్వంచ ప్రాంతంలో ఈ తేడా మరీ ముఖ్యం. అడవి పల్లెల కోయ పిల్లలు చాలామంది ఆశ్రమ పాఠశాలల్లో, గురుకులాల్లో ఉండి చదువుకుంటారు. ఏడాదిలో ఎక్కువ నెలలు వాళ్ళకు అమ్మానాన్నల స్థానంలో ఉండేది వార్డెనే.

కోదండం వేయడం (చేతులతో తాడుకు వేలాడదీయడం), తొడపాశం పెట్టడం (తొడ గిల్లడం) ఒకప్పటి వీధిబడుల్లో చదువులో భాగంగానే చెల్లిపోయాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2002లో విద్యా నియమాలు సవరించి బడిలో కొట్టడాన్ని నిషేధించింది. 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ దెబ్బలతో పాటు మానసిక వేధింపునూ నిషేధంలో చేర్చింది. ఇంట్లో కోయ మాట్లాడే పాపకు తెలుగు తడబడితే తరగతిలో అందరి ముందూ ఎగతాళి చేయడం కూడా ఈ వేధింపు కిందికే రావాలి. బెత్తం దెబ్బ కన్నా అది ఎక్కువ కాలం నొప్పి పెడుతుంది.

ఇంటి గడప దగ్గర చట్టం మెత్తబడుతుంది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 27వ సెక్షన్, పన్నెండేళ్ళలోపు బిడ్డ మేలు కోరి సద్బుద్ధితో సంరక్షకులు చేసిన పనిని నేరంగా చూడదు. 1860 నాటి శిక్షాస్మృతిలోని 89వ సెక్షనే ఇది. అయితే ఎముక విరగడం వంటి తీవ్ర గాయం చేస్తే ఈ రక్షణ ఉండదు. బాల న్యాయ చట్టం (2015) 75వ సెక్షన్ ప్రకారం, తమ సంరక్షణలోని బిడ్డను కొట్టి గానీ నిర్లక్ష్యం చేసి గానీ ‘అనవసరమైన’ బాధ కలిగిస్తే మూడేళ్ళ వరకు జైలు, లక్ష రూపాయల జరిమానా, లేదా రెండూ. పిల్లల సంరక్షణ అప్పగించిన సంస్థ ఉద్యోగి ఆ పని చేస్తే ఐదేళ్ళ వరకు కఠిన కారాగారం, ఐదు లక్షల వరకు జరిమానా. చిక్కంతా ‘అనవసరమైన’ అన్న మాటలోనే ఉంది. అవసరమైన బాధ అంటూ ఒకటుందని ఆ మాట ఒప్పుకుంటోంది.

ఇంట్లో కొట్టడాన్ని కూడా మొట్టమొదట నిషేధించిన దేశం స్వీడన్ (1979). అదే బాట పట్టిన నార్వేలో, కొడుకును హింసించారన్న నేరంపై 2012 డిసెంబరులో ఓస్లో న్యాయస్థానం ఒక తెలుగు జంటకు, తండ్రికి 18 నెలలు, తల్లికి 15 నెలలు జైలుశిక్ష వేసింది.

ఆపదలో ఉన్న పిల్లల కోసం 1098 నంబరు ఉంది. కానీ హాస్టల్లో ఫోను వార్డెన్ గదిలోనే ఉంటే, దెబ్బలు తిన్న పిల్ల ఆ గదిలోకి వెళ్ళి ఎవరి మీద చెప్పుకోగలదు?