బీరువాలోని రివాల్వరు



కొన్నాళ్ళుగా ఇక్కడ ఏమీ వ్రాయలేకపోయాను. మా బాపు కాలం చేశారు. దినవారాలు ముగిసిన మరునాడు, అమ్మ చీరకొంగున కట్టుకున్న తాళంచెవి విప్పి ఇస్తే, ఆయన బీరువా తెరిచాను. పొలం పట్టాలు, బెల్లం అడ్తి నాటి ఎర్ర ఖాతా పుస్తకాలు, వాటి వెనుక ఒక మఖ్మలు సంచి. అందులో కాన్పూరులో తయారైన .32 బోరు రివాల్వరు, లైసెన్సు పుస్తకం, ఒక అట్టపెట్టెలో ఇరవై తూటాలు. లెక్కపెట్టి చూశాను. పుస్తకంలో కొన్నట్లు వ్రాసినవి ఇరవై, పెట్టెలో ఉన్నవీ ఇరవై. ఇత్తడి మీద చిలుము పట్టింది.

లైసెన్సుదారు మరణిస్తే ఆయుధాన్ని అనవసరమైన ఆలస్యం లేకుండా ఠాణాలో గాని, లైసెన్సు కలిగిన డీలరు వద్ద గాని అప్పగించాలని చట్టం చెబుతుంది. ఆ సాయంత్రమే ఠాణాలో ఇచ్చి రసీదు తెచ్చుకున్నాను. అసలు చర్చ ఆ తరువాత మొదలైంది.

ఎల్లారెడ్డి నుండి వచ్చిన మా పెద్దబావ, "నీ పేరు మీదికి మార్పించుకో. ఇంట్ల బందూకు ఉంటే ఆ ఇజ్జతే వేరు" అన్నాడు. చిన్నాయన కొడుకు, "అన్నా, గది పాతది. అమ్మేసి కొత్త పిస్తోలు తీసుకో. అంగి కింద ఉన్నట్టే తెల్వదు" అన్నాడు. హైదరాబాదులో చదువుకుంటూ పది మీటర్ల ఎయిర్ పిస్తోలు నేర్చుకుంటున్న నా కూతురు, "నాన్నా, తాతయ్య రివాల్వరుతో టార్గెట్ కొట్టవచ్చా?" అని అడిగింది. అమ్మ ఏమీ అనలేదు.

ఏ సంగతైనా తేల్చుకొనే ముందు దాని పూర్వాపరాలు వెదకడం నాకున్న జాడ్యం. ఈ టపా ఆ వెదుకులాట ఫలితం.

*

హైదరాబాదులో గన్‌ఫౌండ్రీ అనే పేట ఉన్నదని మీకందరికీ తెలుసు. ఉర్దూలో తోప్ కా సాంచా. నిజాం కొలువులోని ఫ్రెంచి సేనాని రేమండ్ అక్కడ ఫిరంగులు పోతపోయించాడు. 1798 మార్చిలో ఆయన మరణించాడు. సెప్టెంబరులో నిజాం ఆంగ్లేయులతో సంధి చేసుకున్నాడు. ఆ ఏడే ఫ్రెంచి దళాల చేతుల్లోని తుపాకులు ఊడబెరికారు. మన ప్రాంతపు ఆయుధాల చరిత్రలో పదే పదే కనబడే దృశ్యం ఇదే. ఎవరి చేతిలో తుపాకి ఉండాలో, ఎవరి చేతి నుండి తీసివేయాలో పైనున్నవాడు నిర్ణయించడం.

సరదా కొరకు కాల్చడమన్నది ఇక్కడ షికారుగా మొదలైంది. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ గురి తప్పని వేటగాడిగా పేరుపొందాడు. ఎల్లారెడ్డి నుండి మెదక్ పోయే దారిలోని పోచారం అడవి ఒకప్పుడు నిజాముల వేటస్థలమే. 1916, 1922 సంవత్సరాల నడుమ ఆలేరు వాగుకు కట్ట వేయగా ఏర్పడిన పోచారం చెరువు పేరే ఇప్పుడు ఆ అభయారణ్యానికీ ఉన్నది. దొరలకు తుపాకి వినోదం. రైతు చేతిలో ఉన్నది పిట్టలను తోలే వడిసెల, పందులను బెదిరించే గుతుప. 1946 జూలై 4న కడవెండిలో దొర మనుషుల తుపాకులకు దొడ్డి కొమరయ్య బలి అయినప్పుడు ఊరేగింపులో ఉన్నవి కూడా అవే. అక్కడి నుండి 1951 అక్టోబరులో విరమించేదాకా సాగిన సాయుధ పోరాటానికి గుండెకాయ నల్లగొండ, వరంగల్లు జిల్లాలే గాని మా నిజామాబాదు కాదు. అయినా గడిలో గోడకు వేలాడే బందూకును చూస్తే ఊరు ఎందుకు తలవంచేదో మా తాత చెప్పగా విన్నవాణ్ణి. పెద్దబావ అన్న 'ఇజ్జతు' ఆ గోడ మీద నుండి దిగి వచ్చినదే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో షికారు ముగిసింది. ఇజ్జతు మాత్రం మిగిలింది.

*

బ్రిటిషు ఇండియా కథ వేరు. 1857 తిరుగుబాటు భయం ఆరకముందే, 1878లో లిట్టన్ ప్రభువు ఆయుధాల చట్టం తెచ్చాడు. భారతీయుడికి లైసెన్సు కావాలి, ఐరోపావాడికి మినహాయింపు. తుపాకి కొలతలను సైతం ప్రభుత్వ భయమే నిర్ణయించింది. సైనికుల తూటాలు దొంగిలించి వాడతారేమోనని 20వ శతాబ్దపు తొలి సంవత్సరాలలో ఇండియాలో .450 బోరు రైఫిళ్ళను నిషేధించారు. దానితో ఇంగ్లండు కంపెనీలు ఇక్కడి పులివేటగాళ్ళ కోసం .465, .470 వంటి కొత్త కొలతలు సృష్టించుకోవలసి వచ్చింది. ఏనుగు తలను బట్టి కాదు, సర్కారు తలనొప్పిని బట్టి తూటా మందం మారిందన్నమాట!

ఆ అవమానం గుర్తున్నందుననే 1931 కరాచీ కాంగ్రెసు ప్రాథమిక హక్కుల తీర్మానంలో, నిబంధనలకు లోబడి ఆయుధం కలిగి ఉండే హక్కును కూడా చేర్చింది. కాని దేశం చేతికి వచ్చేసరికి విభజన రక్తపాతం కళ్ళ ముందున్నది. 1948 డిసెంబరులో రాజ్యాంగ సభలో హెచ్.వి. కామత్ ఆ హక్కును చేర్చాలని సవరణ ప్రతిపాదించగా సభ త్రోసిపుచ్చింది. 19వ అధికరణం మనకిచ్చినది 'ఆయుధాలు లేకుండా' శాంతియుతంగా సమావేశమయ్యే హక్కు. 1959 ఆయుధాల చట్టం 1962 అక్టోబరు 1న అమలులోకి వచ్చింది. జాతిభేదం పోయింది, లైసెన్సు నిలిచింది. ఒక మనిషికి మూడు తుపాకులకు మించరాదని 1983లోనూ, రెండింటికి మించరాదని 2019లోనూ సవరించారు.

కొలతల భయం మాత్రం చెక్కుచెదరలేదు. 9 మిల్లీమీటర్లు, .38 వంటివి సైన్యానికి, పోలీసులకు. మామూలు పౌరుడికి చేతితుపాకి అంటే ప్రధానంగా .32, లేదా .22. బాపు బీరువాలో .32 ఉన్నదంటే అది ఆయన అభిరుచి కాదు.

*

బాపు ఆ లైసెన్సు తీసుకున్నది 1990ల ఆరంభంలో. కామారెడ్డి బెల్లం మార్కెట్టుకు పేరున్న రోజులు. ఎల్లారెడ్డి వైపు రైతుల బెల్లం ఆయన అడ్తికి వచ్చేది. పైకం పట్టుకుని లింగంపేట మీదుగా బస్సులో తిరిగేవారు. పక్క సిరిసిల్ల తాలూకాను 1978లోనే కల్లోలిత ప్రాంతంగా ప్రకటించారు. 1980లో పీపుల్స్ వార్ పుట్టింది. 'అన్నలు' వస్తున్నారన్న మాట, వారి వెనుకనే పోలీసులు వస్తారన్న మాట మా బాల్యంలో వానకబురు వంటివి. లైసెన్సు తుపాకి ఉన్న ఇల్లు ఎవరికైనా పనికివచ్చే ఇల్లు. దళాలకు తుపాకి కావాలి, పోలీసులకు అది దళాలకు పోకుండా ఉండాలి.

బాపు దానిని బనీను కింద, నడుముకు ఎడమవైపు దాచుకునేవారు. ఆ బనీన్లన్నీ అక్కడే చిరిగేవి, అమ్మ అక్కడే మాసికలు వేసేది. ఒక రాత్రి లింగంపేట దాటిన తరువాత బస్సును ఆపి అందరినీ దింపారు. బస్సును తగులబెట్టారు. ఆ వెలుగులో యాభైమందితో పాటు చేతులెత్తి నిలుచున్నారు బాపు. జేబులు వెదకలేదు, బనీను తడమలేదు, వెళ్ళిపొమ్మన్నారు. తడిమి ఉంటే ఏమయ్యేదో ఆయన ఎన్నడూ చెప్పలేదు. రక్షణ కోసం కట్టుకున్న వస్తువు, దొరికితే ప్రాణం తీసే వస్తువుగా మారిందని ఆ నిమిషంలో ఆయనకు అర్థమై ఉండాలి. మరునాడు అది బీరువాలోకి పోయింది. ఏటేటా ఎన్నికలొస్తే ఠాణాలో జమచేయడానికి, ఎన్నికలు పోతే తెచ్చుకోవడానికి తప్ప బయటికి రాలేదు.

2004 అక్టోబరులో హైదరాబాదులో ప్రభుత్వానికి, నక్సలైటు పార్టీలకు చర్చలు జరిగినప్పుడు కూడా చిక్కుముడి ఇదే. ఆయుధాలతో ఊళ్ళలో తిరగవచ్చునా, కూడదా? బాపు టీవీ ముందు కూర్చుని ఆ వాదనలను ఎంతో శ్రద్ధగా విన్నారు. 2005 జనవరిలో చర్చలు బెడిసికొట్టిన రోజున బీరువా తాళం మరోసారి చూసుకున్నారు.

*

ఇక తమ్ముడి సలహా. న్యాయంగా దానినీ తూచి చూశాను.

రివాల్వరులో ఆరు గదుల చక్రం తిరుగుతుంది. ఒక తూటా పేలకపోతే మళ్ళీ గుర్రం నొక్కితే చాలు, తరువాతి గది ఎదురుగా వస్తుంది. ఏళ్ళ తరబడి తాకనివాడికి కూడా అర్థమయ్యే యంత్రం. కాని ఆ చక్రమే పక్కకు ఉబ్బి, బనీనును చించుతుంది. పిస్తోలు పలుచన, అంగి కింద అణిగి ఉంటుంది. అయితే తూటా ఇరుక్కుంటే దానిని విడిపించే అలవాటు చేతికి ఉండాలి, ఆ అలవాటుకు సాధన కావాలి. తేలికైనది మోయడానికి సుఖం. 2014లో ఆర్డినెన్సు ఫ్యాక్టరీ వారు స్త్రీల కోసమని తెచ్చిన 'నిర్భీక్' టైటానియం మిశ్రలోహంతో అర కిలో బరువే, ధర లక్షా ఇరవై వేల పైమాట. కాని తుపాకి ఎంత తేలికైతే పేలినప్పుడు చేతిని అంత గట్టిగా తంతుంది.

గొట్టం పొట్టిదైతే దాగుతుంది, గురి చూసే రెండు గుర్తుల మధ్య దూరం తగ్గి గురి చెడుతుంది. పొడుగైతే గురి కుదురుతుంది, దాగదు. కనుక దాచుకునే తుపాకి, ఆడుకునే తుపాకి రెండూ ఒకటి కానేరవు. నా కూతురి ప్రశ్నకు ఇదే జవాబు.

అమెరికాలోని మిత్రులకు మరో సంగతి వింతగా తోచవచ్చు. అక్కడ దాచి మోయడానికి వేరే అనుమతి ఒక పెద్ద వివాదం. సగానికి పైగా రాష్ట్రాలలో ఇప్పుడు అదీ అక్కరలేదు. ఇక్కడ 2016 ఆయుధాల నియమాల ప్రకారం బహిరంగ స్థలంలో చేతితుపాకి ఒరలోనో సంచిలోనో ఉండాలి, ఝళిపించరాదు. పెండ్లి బారాతులో గాలిలోకి కాల్చితే 2019 సవరణ తరువాత రెండేళ్ళ దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. లైసెన్సు లేకుండా ఉంచుకుంటే రెండు నుండి ఐదేళ్ళు. ఇజ్జతు కోసం కొనేవాడికి చూపించే వీలు లేదు. చూపించకపోతే ఇజ్జతు లేదు. పెద్దబావకు ఈ మాట చెప్పాను, నవ్వి ఊరుకున్నాడు.

*

ఆడుకోవడానికి మార్గం వేరే ఉన్నది. 4.5 మి.మీ. బోరు, 20 జౌల్స్ లోపు శక్తి ఉన్న ఎయిర్ పిస్తోలుకు లైసెన్సు అక్కరలేదు. పోటీలో ఒక్క చేత్తోనే పట్టాలి. బరువు కిలోన్నర మించరాదు, గుర్రం కనీసం అర కిలో ఒత్తిడికి గాని కదలరాదు. పది మీటర్ల దూరంలో పది పాయింట్ల వలయం వ్యాసం 11.5 మి.మీ. డెబ్బైఐదు నిమిషాల్లో అరవై గుళ్ళు. హైదరాబాదు అమ్మాయి ఈషా సింగ్ 2018లో పదమూడేళ్ళ వయసులో ఈ ఆటలోనే సీనియర్ జాతీయ విజేత అయింది. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో ఒక స్వర్ణం, మూడు రజతాలు తెచ్చింది.

నా కూతురు ఆడుతుంటే చూడబోయాను. గుర్రం నొక్కే ముందు ఊపిరి సగం వదిలి ఆగుతుంది. కుదరదనుకుంటే చేయి దించి, మళ్ళీ మొదలుపెడుతుంది. "దించడం నేర్చుకోవడమే కష్టం, నాన్నా" అన్నది. బస్సు మంటల వెలుగులో నిలుచున్న బాపు జ్ఞాపకం వచ్చారు. ఆయనా ఆ రాత్రి చేయి నడుము వైపు పోనివ్వలేదు.

*

వారసుడిగా లైసెన్సుకు దరఖాస్తు చేసే వీలు నాకున్నది. తక్కిన వారసుల సమ్మతిపత్రాలు, పోలీసు విచారణ, భద్రతా శిక్షణ ధ్రువపత్రం కావాలి. కాగితాలన్నీ సిద్ధం చేసుకుని, సంతకం కోసం అమ్మ దగ్గరకు వెళ్ళాను. అమ్మ కళ్ళజోడు పెట్టుకుని కాగితం చాలాసేపు చూసింది.

"గది ఇంట్ల ఉన్నన్ని రోజులు మీ బాపు సక్కగ నిద్రవోలే బిడ్డా. దొంగలొస్తరని కాదు. దానికోసం ఎవలన్న వస్తరని" అన్నది. "ఇన్నేండ్లు నేను కుట్టిన బనీన్లు సాలు."

దరఖాస్తు పక్కన పెట్టాను. అనుమతి తీసుకుని డీలరుకు అమ్మే ఏర్పాటు జరుగుతున్నది. చిలుము పట్టిన తూటాలు కూడా ఠాణా నుండి అటే పోతాయి. బీరువాలో ఇప్పుడు ఖాతా పుస్తకాల వెనుక ఖాళీ మఖ్మలు సంచి మాత్రం ఉన్నది. దానిని పారేయనని అమ్మ పట్టు పట్టింది. ఎందుకో నేను అడగలేదు.

మీ ఊళ్ళలో, మీ ఇండ్లలో ఇటువంటి బందూకుల కథలుంటే తప్పక వ్రాయండి. పొరపాట్లుంటే దిద్దగలరు.