సీకే నాయుడి సగటు ఇరవై ఐదేనా?

పోయిన సంక్రాంతికి దసమంతపూర్ ఇంట్లో అందరం కలిశాం. టీవీలో క్రికెట్ వస్తోంది. మా నాన్నగారు అలవాటు ప్రకారం, "ఇప్పటి వాళ్ళు ఆడేదేటిరా, సీకే నాయుడు కొడితే బంతి వెతుక్కోవడమే" అన్నారు. ఆ మాట ఆయన కనిపెట్టింది కాదు, మా తాతగారిది. తాతగారు సాలూరు ఘాటీ ఎక్కి ఈ కొండల్లోకి వచ్చినప్పుడు పెట్టెలో ఏం తెచ్చారో గానీ, నోట్లో మాత్రం ఈ నాయుడి కథలు తెచ్చారు.

మేనల్లుడు ఫోన్ తీసి చూశాడు. "ఏడు టెస్టులు, 350 పరుగులు, సగటు ఇరవై ఐదు. ఒక్క సెంచరీ లేదు తాతా! లక్ష్మణ్ 134 టెస్టులాడి 8781 కొట్టాడు, సగటు దగ్గర దగ్గర నలభై ఆరు." నాన్నగారు ఏమీ అనలేదు. కండువా దులుపుకుని లోపలికి వెళ్ళిపోయారు. రాత్రి అన్నం దగ్గర కూడా ముభావంగానే ఉన్నారు. వాళ్ళ నాన్న చెప్పింది అబద్ధమని పిల్లాడు తేల్చేసినట్టయింది ఆయనకి. అందుకే ఇది రాస్తున్నాను.

అంకెలు తప్పు కావు, ముందు ఆ మాట ఒప్పుకోవాలి. కాని ఆ ఏడు టెస్టులు ఎప్పుడాడాడన్నది చూడాలి. కొఠారి కనకయ్య నాయుడు పుట్టింది 1895 అక్టోబరు 31న, నాగపూర్‌లో. మనలాగే పై రాష్ట్రంలో స్థిరపడ్డ తెలుగు కుటుంబం. ఫస్ట్ క్లాస్ ఆట మొదలుపెట్టింది 1916లో. ఇండియాకి మొదటి టెస్టు దొరికింది 1932 జూన్ 25న, లార్డ్స్‌లో. అంటే దేశానికి టెస్టు హోదా వచ్చేసరికే ఆయనకి ముప్పై ఆరు నిండాయి. లక్ష్మణ్ ఆఖరి టెస్టు ఆడింది ముప్పై ఏడో ఏట. ఒకాయన ముగించిన వయసులో ఇంకొకాయన మొదలుపెట్టాడన్నమాట. నాయుడు ఇరవైల్లో, ముప్పైల మొదట్లో కొట్టిన పరుగులు ఏ టెస్టు పుస్తకంలోనూ లేవు. అప్పటికి మనకి టెస్టులే లేవు కదా, ఎక్కడ రాస్తారు?

ఆ లార్డ్స్ మ్యాచ్ సంగతి కొంచెం చెప్పాలి. జట్టుకి నాయకుడని పేరు పెట్టుకుని వెళ్ళింది పోరుబందరు మహారాజు. ఉపనాయకుడు లింబ్డీ రాజకుటుంబీకుడు. ఇద్దరూ తప్పుకుంటే పగ్గాలు నాయుడి చేతికొచ్చాయి. మొదటి ఉదయమే ఇంగ్లండు 19 పరుగులకి మూడు వికెట్లు పోగొట్టుకుంది. ఫీల్డింగులో చెయ్యి దెబ్బతిన్నా, మన మొదటి ఇన్నింగ్స్‌లో అందరికంటే ఎక్కువ కొట్టింది ఆయనే, 40. మ్యాచ్ 158 పరుగులతో ఓడిపోయాం. 1936 దాకా ఆయన ఆడిన ఏడింటిలో ఒక్కటీ గెలవలేదు. అసలు ఇండియా మొదటి టెస్టు గెలిచింది 1952లో, మద్రాసులో. ఓడే జట్టులో, నలభైకి దగ్గరపడుతూ, అయిదేళ్ళలో ఏడే టెస్టులు. ఆ ఇరవై ఐదుని ఈ లెక్కలో పెట్టి చూడాలి.

ఇక బలం సంగతి. 1926లో గిల్లిగన్ నాయకత్వంలో ఎం.సి.సి. జట్టు వచ్చినప్పుడు బొంబాయి జింఖానాలో హిందూ జట్టు తరఫున నాయుడు 153 కొట్టాడు, రెండు గంటలలోపే. అందులో 11 సిక్సర్లు. 2024లో రాజకోటలో జైస్వాల్ ఒక టెస్టు ఇన్నింగ్స్‌లో 12 కొట్టి ప్రపంచ రికార్డుని సమం చేశాడు. మధ్యలో దాదాపు వందేళ్ళు. ఈ వందేళ్ళలో బ్యాటు ఎంత లావెక్కిందంటే, 2017లో అంచు 40 మిల్లీమీటర్లు దాటకూడదని చట్టమే చెయ్యాల్సొచ్చింది. హద్దులు తాడుతో లోపలికి జరిగాయి. హెల్మెట్లు 1970ల దాకా రానేలేదు. నాయుడు ఆఖరి టెస్టులో, ఓవల్‌లో, ఎలెన్ బంతి ఒంటికి గట్టిగా తగిలినా నిలబడి 81 కొట్టాడు. అదే ఆయన టెస్టుల్లో అత్యధికం.

అలా అని నాన్నగారి పక్షమే మాట్లాడితే మేనల్లుడికి అన్యాయం. ఆ రోజుల్లో ఫీల్డింగు ఇప్పటంత చురుగ్గా ఉండేది కాదు. నీ ఆట వీడియో తీసి, నువ్వెక్కడ తడబడతావో పదిమంది కూర్చుని వెతికే పద్ధతి లేదు. మన విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి ఇరవై ఒక్క ఏళ్ళకి, 2024 డిసెంబరులో, మెల్‌బోర్న్‌లో ఎనిమిదో నంబరులో దిగి 114 కొట్టాడు. ఆ వేగం, ఆ ఒత్తిడి నాయుడు తట్టుకునేవాడా? తట్టుకునేవాడనే నా నమ్మకం, కాని అది నమ్మకమే, రుజువు కాదు. ఒక్కటి మాత్రం ఇప్పటివాళ్ళెవరూ చెయ్యలేరు. యాభై ఏళ్ళ వయసులో, హోల్కర్ జట్టుకి ఆడుతూ, ఆయన బరోడా మీద 200 కొట్టాడు. ఫస్ట్ క్లాసులో ఆయన అత్యధిక స్కోరు అదే! ఇప్పుడు యాభైకి కామెంటరీ పెట్టె దగ్గరుంటారు. మొత్తం 207 ఫస్ట్ క్లాస్ మ్యాచులు, 11,825 పరుగులు, బంతితో 411 వికెట్లు. ఆఖరి మ్యాచ్ 1963-64లో, అరవై ఎనిమిదేళ్ళకి.

విజయనగరం చుట్టాలు చదువుతుంటారు కాబట్టి విజ్జీ గారిని వదిలేస్తే ఊరుకోరు. 1936 ఇంగ్లండు పర్యటనకి నాయకుడు ఆయనే, నాయుడు ఆయన కింద ఆడాడు. విజ్జీ టెస్టు సగటు 8.25. క్రికెట్ కోసం ఆయన పెట్టిన ఖర్చు తక్కువేం కాదు, 1930-31లో హాబ్స్‌నీ సట్‌క్లిఫ్‌నీ ఇండియాకి రప్పించి తన జట్టులో ఆడించాడు. అయినా సరే, రాజు ముందు, ఆటగాడు వెనక అన్న ఆ వరస ఇప్పటి జట్టులో లేదు. పాతకాలం కంటే ఈ కాలం మెరుగన్నదానికి నాకు దొరికిన గట్టి సాక్ష్యం ఇదొక్కటే.

చిత్రమేమిటంటే, ఆ 1936 ఏప్రిల్ ఒకటినే మన కోరాపుట్ విశాఖపట్నం జిల్లా నుంచి విడిపోయి కొత్త ఒరిస్సాలో చేరింది. ఆ వేసవిలోనే నాయుడి టెస్టులు అయిపోయాయి. తాతగారు ఈ రెండూ కలిపి చెప్పేవారు, "ఆ ఏడు మనం అటూ, నాయుడు ఇటూ" అని. దాని అర్థం చిన్నప్పుడు బోధపడలేదు.

మొన్న మేనల్లుడికి ఫోన్లో ఇదంతా చెప్పాను. వాడు కాసేపు వెతికి, "మావయ్యా, ఆంధ్రా జట్టు రంజీలోకి వచ్చింది 1953-54లో. ఆ మొదటి ఏడే సీకే ఆంధ్రాకి ఆడాడు, తెలుసా? అప్పటికి యాభై ఎనిమిది!" అన్నాడు. తాతకి చెప్పమన్నాను. చెప్పాడట. నాన్నగారు, "నాకు తెలుసులే" అన్నారట. తెలీదు, నాకు తెలుసు. ఆ సాయంత్రం మాత్రం చాలా రోజుల తర్వాత మనవడిని కూర్చోబెట్టుకుని రెండు గంటలు కథలు చెప్పారు.

నాగపూర్, ఇందూరు వైపు స్థిరపడ్డ కుటుంబాలెవరైనా ఇది చదివితే, మీ పెద్దవాళ్ళు నాయుడి ఆట చూసి ఉంటే వాళ్ళ మాటలు రాసి పంపండి. నాన్నగారికి చదివి వినిపిస్తాను.