రాజధాని పోగొట్టుకున్న ఊరు

వచ్చే నెల కెనడాలోని కింగ్‌స్టన్‌కి మకాం మారుస్తున్నా. రేపల్లెకి ఫోన్ చేసి చెబితే నాన్న "టొరంటో కాదట్రా?" అని నీరుగారిపోయారు. సరే, అసలేంటీ ఊరు అని తవ్వడం మొదలెట్టా.

అంటారియో సరస్సు ఒడ్డున ఉన్న ఈ ఊరు 1841లో కెనడా ప్రావిన్సుకి తొలి రాజధాని. ఆ హోదాకి తగ్గట్టు సున్నపురాయితో భారీ సిటీ హాలు కట్టారు పాపం. అది పూర్తయిన 1844లోనే రాజధాని మాంట్రియల్‌కి ఎగిరిపోయింది! మన కర్నూలు (1953-56) గుర్తుకొస్తోందా? హాలు మాత్రం ఇప్పటికీ ఉంది.

ఇక్కణ్ణుంచి ఒట్టావాకి 202 కిలోమీటర్ల రీడో కాలువ, 1832లో పూర్తయింది. మన కృష్ణా కాలువల్లా పొలాలకి కాదు, అమెరికాతో మళ్ళీ యుద్ధమొస్తే సైన్యానికి దారి. తవ్వేటప్పుడు సుమారు 1000 మంది జబ్బులతో పోయారంటారు, చాలామంది మలేరియాతోనే. కెనడాలో మలేరియా! ఇప్పుడు లేదులెండి. అయినా అమ్మకి ఈ ముక్క చెప్పలేదు.