బొడ్డు చుట్టూ 14 సూదులు

మా హోసూరు పక్క పల్లెల్లో ఇప్పటికీ ఎవరినైనా కుక్క కరిచిందంటే పెద్దవాళ్లు మొదట అడిగేది, "బొడ్డు చుట్టూ 14 సూదులు వేస్తారంట కదా?" అని. ఆ సూదులు పోయి 20 ఏళ్లు దాటింది. భయం మాత్రం పోలేదు. మా తాత చిన్నప్పుడు వాటిని వేయించుకున్నాడు. ఆయన చెప్పింది, మా సైన్సు సారు ఇచ్చిన పుస్తకాల్లో చదివింది కలిపి ఇది రాస్తున్నాను. ఆ మందు ఎంతోమందిని బతికించింది. కొంతమందికి కాళ్లు పడిపోయేలా కూడా చేసింది. రెండూ నిజమే కాబట్టే దీని చరిత్ర తెలుసుకోవాలి అనిపించింది.

పిచ్చికుక్క కాటుకు మొదట టీకా వేసినవాడు ఫ్రాన్సు దేశపు లూయీ పాశ్చర్. 1885 జులై 6న జోసెఫ్ మైస్టర్ అనే 9 ఏళ్ల పిల్లవాడికి, రేబిస్ సోకిన కుందేలు వెన్నుపామును ఆరబెట్టి చేసిన మందు ఎక్కించాడు. పిల్లవాడు బతికాడు. మన దేశంలో 1900లో హిమాలయాల దగ్గరి కసౌలీలో పాశ్చర్ సంస్థ పెట్టారు. దక్షిణాదివాళ్లను కుక్క కరిస్తే అంత దూరం పోవాలి. 1902లో ఇక్కడ ఒక ఇంగ్లీషు యువతి ఈ జబ్బుతో చనిపోయింది. అప్పుడు అమెరికా దాత హెన్రీ ఫిప్స్ ఇచ్చిన సొమ్ములోంచి లక్ష రూపాయలు తీసి, 1907లో నీలగిరుల్లోని కూనూరులో ఇంకో సంస్థ తెరిచారు. ఒక దొరసాని పోతేగానీ కదలిక రాలేదు. పొలాల్లో కుక్కకాటుకు పోయిన కూలీల పేర్లు ఏ పుస్తకంలోనూ నాకు కనబడలేదు.

కసౌలీలో పనిచేసిన డేవిడ్ సెంపుల్ 1911లో కొత్త పద్ధతి కనిపెట్టాడు. తర్వాత మన దేశమంతా వాడిన పద్ధతి అదే. గొర్రె మెదడులోకి రేబిస్ వైరస్‌ను ఎక్కిస్తారు. దానికి పక్షవాతం వచ్చాక మెదడు తీసి, రుబ్బి, ఫినాల్ కలిపి వైరస్‌ను చంపుతారు. అంటే సూదిలో ఎక్కేది పల్చటి గొర్రె మెదడే. మందు పరిమాణం ఎక్కువ కాబట్టి చోటు ఎక్కువుండే పొట్ట చర్మం కింద వేసేవాళ్లు. గాయాన్ని బట్టి 7 నుంచి 14 రోజులు, రోజుకొకటి. "పదో సూదికి పొట్ట బండరాయి మాదిరి అయిపొయ్యింది రా, కూసుంటే లెయ్యలేను, లేస్తే కూసోలేను" అంటాడు మా తాత. సగంలో మానేసి ఇంటికి పోయినవాళ్లు చాలామందంట. మా అవ్వ బలవంతాన ఆయన 14 పూర్తిచేశాడు. ఇక్కడ అవ్వ అంటే తాతకు తల్లి.

నొప్పి ఒక్కటే అయితే ఇంత రాయాల్సిన పని లేదు. ఈ సూదులు మొదలుపెట్టిన వారం, రెండు వారాలకు కొందరికి జ్వరం వచ్చేది, కాళ్లు తిమ్మిరెక్కేవి, తర్వాత పడిపోయేవి. కొందరు కోలుకున్నారు, కొందరు కోలుకోలేదు, కొందరు చనిపోయారు. కుక్క జబ్బే తలకెక్కింది అనుకున్నారు ఇంట్లోవాళ్లు. వేలల్లో ఒకరికి ఇలా అవుతుందని కొందరు డాక్టర్లు లెక్కకట్టారు, కొన్ని వందల్లో ఒకరికని ఇంకొందరు.

కారణం పట్టుకోవడానికి చాలా ఏళ్లు పట్టింది. 1902లో ఫ్రాన్సులో షార్ల్ రిషే, పాల్ పోర్తియే అనే ఇద్దరు, సముద్రజీవి విషాన్ని కుక్కలకు కొంచెం కొంచెం ఇస్తే అలవాటుపడతాయి అనుకుని ఇచ్చారు. మొదటిసారి తట్టుకున్న కుక్క, రోజులు గడిచాక చాలా తక్కువ మోతాదు ఇస్తే అర్ధగంటలోపే చచ్చింది. దానికి అనాఫిలాక్సిస్ అని పేరు పెట్టారు. 1906లో వియన్నా డాక్టరు పిర్కే "అలర్జీ" అనే మాట పుట్టించాడు. రక్షించాల్సిన శక్తే మనిషిని దెబ్బతీయగలదని అప్పటికి అర్థమైంది. 1933లో అమెరికాలో థామస్ రివర్స్ కోతులకు మళ్లీమళ్లీ కుందేలు మెదడు సూదులు వేశాడు. అందులో వైరస్ అసలు లేదు. అయినా కొన్ని కోతులకు కాళ్లూచేతులూ స్వాధీనం తప్పాయి. అంటే తప్పు రేబిస్‌ది కాదు, మెదడుది. కరెంటు తీగకు ప్లాస్టిక్ తొడుగు ఉన్నట్టు నరాలకు మైలిన్ అనే తొడుగు ఉంటుంది. గొర్రె మైలిన్‌ను శత్రువనుకుని శరీరం పోరాడుతుంది. మన మైలినూ ఇంచుమించు అట్లే ఉంటుంది కాబట్టి దాన్నీ కొరికేస్తుంది.

ఇది తెలిసినా మందు ఆపలేదు. ఎందుకంటే రేబిస్ లక్షణాలు బయటపడ్డాక బతకడం దాదాపు లేదు. వందల్లో ఒకరికి కాలు పోవచ్చు, కానీ సూది వేయకపోతే ప్రాణమే పోవచ్చు. అప్పటి డాక్టర్లను నేను తప్పుపట్టలేను. తర్వాతి సంగతే నాకు మింగుడుపడదు. మెదడు వాడకుండా, గాజు పాత్రలో పెంచిన మనిషి కణాల్లో తయారైన టీకా 1970ల్లోనే వచ్చింది. ఇరాన్‌లో పిచ్చి తోడేళ్లు, కుక్కలు కరిచిన 45 మందికి దాన్ని వేస్తే అందరూ బతికారు. 1976లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. మెదడు మందు మానుకోమని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు 1980ల నుంచే చెబుతున్నారు. మన దేశంలో తయారీ ఆగింది 2004 చివర్లో. కొత్త టీకాకు ధర ఎక్కువ, గొర్రె మందు సర్కారు ఆసుపత్రిలో ఉచితం. డబ్బున్నవాళ్లు చేతికి ఐదు సూదులు కొనుక్కున్నారు, లేనివాళ్లు పొట్ట చూపించారు. దాదాపు పాతికేళ్లు అలాగే నడిచింది.

కొత్తదానికీ అలర్జీ అసలు లేకపోలేదు. ఆ మనిషి కణాల టీకా బూస్టరుగా తీసుకున్న వందమందిలో సుమారు ఆరుగురికి దద్దుర్లు, కీళ్లనొప్పులు వచ్చాయని 1984లో అమెరికాలో గమనించారు. చాలావరకు అవి తగ్గిపోయేవే. ఇక ఊపిరి ఆడకుండా చేసే అనాఫిలాక్సిస్ ఏ టీకాకైనా రావచ్చు, అయితే పది లక్షల డోసులకు ఒకటి రెండుసార్లు. వెంటనే తొడ కండలోకి అడ్రినలిన్ వేస్తే చాలావరకు బతికించవచ్చు. కోవిడ్ టీకా వేసినప్పుడు మనందరినీ అర్ధగంట కుర్చీల్లో కూర్చోబెట్టింది దీనికోసమే. విసుక్కున్నవాళ్లే ఎక్కువ.

ఇప్పుడు కూనూరుకు కూతవేటు దూరంలోని ఊటీలోనూ, మన తెలుగువాళ్ల హైదరాబాదులోనూ కణాల్లో పెంచిన రేబిస్ టీకా తయారవుతోంది. సర్కారు ఆసుపత్రిలో చేతికే వేస్తారు, డబ్బు తీసుకోరు. కరిచిన చోటును సబ్బుతో పారే నీళ్ల కింద పావుగంట కడిగి, పసుపూ సున్నం పూయకుండా అదే రోజు పోవాలి. పొట్ట జోలికి ఎవరూ రారు.